ఎంకపల్లిలో ఆపదను కూర్చున్న చోటే కొలవడం ఎలా?

హైదరాబాద్ పక్కన మన ఎంకపల్లిలో ఇల్లుందా? ప్లాటైనా ఉందా? వానలు రాకముందే మీ ఆపదలన్నీ లెక్కగట్టేద్దాం. కుర్చీలోంచి లేవక్కర్లేదు.

1. మ్యాపు చూడకండి, రేటు చూడండి. గజం ధర పెరిగిందంటే అక్కడికి నీళ్లు రావు. శిఖం భూమి, బఫర్ జోన్ అని ఎవరైనా గొణిగితే వెంచర్ బ్రోచర్ చేతికివ్వండి. అందులో ఈతకొలను తప్ప ఎక్కడా నీళ్లుండవు.

2. పాత వరదలన్నీ పట్నం ఖాతాలో రాయండి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది. ఆ దెబ్బకే 1920లో గండిపేట, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు తయారయ్యాయి. మనం వాటికి ఎగువన ఉన్నాం, వరద దిగువవాళ్ల బాధ. "మూసీ, ఈసీ నదులు మన మండలం పక్కనుంచే కదా పోయేది, వాగులు ఎదురు తన్నితే?" అని సారెవరైనా అడిగితే "ముందు చాయ్ తాగుదాం సార్" అనండి. గ్లాసు ఖాళీ అయ్యేసరికి మాట ఎన్నికల మీదికి పోతుంది.

ఆనాడు అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారంటారు. మీరూ ఓ చింతచెట్టును చూసి పెట్టుకోండి. ఎక్కడం మాత్రం ఇప్పుడు నేర్చుకోకండి, నీళ్లొచ్చాక అదే వస్తుంది.

3. జీవోలను రెండు వైపులా వాడుకోండి. ఆ రెండు జలాశయాల చుట్టూ 84 ఊళ్లలో కట్టడాలకు పగ్గం వేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. దాన్ని సడలిస్తూ 2022లో 69 జీవో వచ్చింది. పగ్గం ఉంటే "సర్కారే చూసుకుంటోంది", సడలితే "సర్కారే పర్లేదంది". ఇక మత్తడి కాలువ మీద ప్రహరీ లేపండి. నీళ్లు పక్కాయన ఇంట్లోకి మళ్లితే ఆ ఆపద ఆయనది. మీ లెక్కలో రాయకండి.

4. వాతావరణ శాఖ హెచ్చరికల రంగులతో పని సులువు. పసుపు వస్తే పడుకోండి. నారింజ వస్తే వాట్సాప్‌లో పంపండి, మీ వంతు అయిపోయింది. ఎరుపు వస్తే "పోయినసారీ ఇట్లనే అన్నరు, చినుకు పడలే" అనండి. 2020 అక్టోబరు వరద సంగతి ఎవరైనా ఎత్తితే రెండో చిట్కా చూడండి.

5. పిడుగుల గురించి చెప్పే దామిని యాప్ తీసేయండి, రీల్స్‌కు జాగా కావాలి. చేనులో ఉరిమితే చెట్టు కిందికే పోండి. అక్కడ మేకలు కూడా ఉంటాయి. ముందు వంతు వాటిది.

6. అత్యవసర సంచి మీరు సర్దకండి. టార్చి, మందులు, మంచినీళ్లు, కాగితాల నకళ్లు అన్నీ పక్కింటి వదిన ఎట్లాగూ సర్దుతుంది. ఏ అటక మీద పెట్టిందో తెలిస్తే చాలు. మీ పట్టా పాసుపుస్తకాన్ని నేలమీది ట్రంకుపెట్టెలోనే ఉంచండి. తడవని కాగితం చూపిస్తే పరిహారం ఎవరిస్తారు?

7. 112కు మీరు ఫోన్ చేయకండి, ఎవరో ఒకరు చేస్తారు. ఊరంతా ఇదే అనుకుంటే లైన్ ఖాళీగా ఉంటుంది, అదీ ఒక సేవే. ఆ తీరికలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఫొటో దిగండి. నడుము దాకా వచ్చేవరకు ఆగితే ఇంకా బాగా వస్తుంది.