మీటరుకు పూర్వజన్మ ఉంది

యూనిట్‌కు 13 పైసలు తగ్గాయట. 2025 నవంబరు బిల్లు నుంచి. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ చరిత్రలోనే ఇది మొదటిసారని ప్రభుత్వంవారు చెప్పుకున్నారు. సరిగ్గా దసరా ముందు పడిన కబురు కాబట్టి పండగ కానుకగా లెక్కేసుకోవాలి కాబోలు. నెలకు 200 యూనిట్లు కాల్చే కొంపకి అక్షరాలా 26 రూపాయలు. పావలా బిళ్ళే 2011లో చెల్లకుండా పోయిన దేశంలో 13 పైసలు ఎలా ఇస్తారా అని నాలాంటి అజ్ఞానులు విస్తుపోయారు గానీ, చేతికిస్తే కదా చిల్లర గొడవ! బిల్లులో ఒక మూల మైనస్ గుర్తు పెట్టి ఇస్తారు. ట్రూడౌన్ అని దాని నామధేయం.

ఇంతకీ ఆ 13 పైసలు ఎక్కడివి? 2024-25లో విద్యుత్ పంపిణీ సంస్థలైన డిస్కమ్‌లు ఇంధనం, కొనుగోలు ఖర్చుల సర్దుబాటు కింద నెలనెలా యూనిట్‌కు 40 పైసల చొప్పున మన దగ్గర 2,787 కోట్లు రాబట్టాయి. కర్నూలులోని విద్యుత్ నియంత్రణ మండలి లెక్కలు తిరగేస్తే వాటికి న్యాయంగా రావలసింది 1,863 కోట్లేనని తేలింది. మిగతా దాదాపు 923 కోట్లు జనానికి తిరిగి ఇచ్చెయ్యమంది. అదీ కానుక కథ. మన డబ్బు మనకే ఇస్తూ ఈ డప్పులేమిటని మొదట నాకూ ఒళ్ళు మండింది. తర్వాత బిల్లు కాగితం ముందు పెట్టుకుని పైనుంచి కిందిదాకా పారాయణ చేశాను. కోపం పోయి భక్తి కుదిరింది. ఇన్నాళ్ళూ మనం కరెంటు బిల్లు అనుకుంటున్నది సాక్షాత్తూ కర్మ సిద్ధాంతం.

పెద్దలు కర్మను మూడు రకాలుగా చెప్పారు. వెనకటి జన్మల్లో పోగుపడి మూటగా ఉన్నది సంచితం. బిల్లు భాషలో చెప్పాలంటే ట్రూఅప్, అంటే పాత ఖర్చుల తేడా పేరుతో తర్వాత చేసే వసూలు: 2022-23 సంవత్సరం తాలూకు 6,072 కోట్లు, 2023-24 తాలూకు 9,412 కోట్లు. వెరసి దాదాపు 15,485 కోట్ల మూట. ఆ మూటలోంచి ఈ జన్మలో అనుభవానికి వచ్చే వాటా ప్రారబ్ధం. మొదటి మూట 15 నెలలు, రెండోది 24 నెలలు అనుభవించాలని మండలి రాసిపెట్టింది. బిల్లులో ఏ ఏడాది పాపం ఈ నెల కాలుతోందో అంకెలు కూడా వేస్తున్నారు, యముడి దగ్గర ఇంత పారదర్శకత ఉందో లేదో తెలియదు. ఇక ఇప్పుడు చేస్తూ ముందు ముందు అనుభవించబోయేది ఆగామి. నెలనెలా పడే 40 పైసలు అదే. 2022 డిసెంబరులో కేంద్రం నిబంధనలు సవరించి, కొనుగోలు ఖర్చు పెరిగితే ఎప్పటికప్పుడు జనం మీద వేసుకొమ్మంది. 2023 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలోనూ యూనిట్‌కు 40 పైసల దాకా ఎవరినీ అడగకుండానే వేసుకునే వీలొచ్చింది. 40 పైసల దాకా పాపానికి విచారణ కూడా అక్కర్లేదన్న మాట.

ఆ సంచితానికి ఎదురుగా పుణ్యం ఖాతాలో 923 కోట్లు. రూపాయి పాపానికి ఆరు పైసల పుణ్యం. కలియుగంలో ధర్మం ఒంటికాలి మీద నడుస్తుందని విన్నాం. ఇక్కడ ఆ కాలికి కూడా చిటికెన వేలే మిగిలినట్టుంది.

మరి ఆత్మ ఏది? దేహాలు మారినా తాను మారనిది, పాత చొక్కా విడిచి కొత్తది తొడుక్కున్నట్టు అద్దెకున్నవారిని విడిచి కొత్తగా అద్దెకు వచ్చినవారిని తొడుక్కునేది? సర్వీసు నంబరు. మనిషి ఎవరన్నది దానికి అనవసరం. ఫలానా సంవత్సరం ఫలానా నెలలో ఈ నంబరు మీద ఎన్ని యూనిట్లు కాలాయో అన్నిటికీ ఇప్పుడు ఆ గోడ వెనక ఎవరుంటే వారు కట్టాలి. మా స్నేహితుడొకడు విజయవాడ సత్యనారాయణపురంలో అద్దె పోర్షన్ చూడబోయాడు. కుళాయి తిప్పలేదు, వాస్తు చూడలేదు. తిన్నగా మెట్ల కింద మీటరు బోర్డు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"సపరేటు మీటరేనండీ" అన్నారు ఓనరుగారు ఉత్సాహంగా.

"2023 మే నెలలో ఈ పోర్షన్లో ఎవరుండేవారండీ?"

"ఎవరో బ్యాంకాయన. ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోయారు. ఎందుకండీ?"

"ఏసీ వాడేవారాండీ?"

ఓనరుగారు గోడకి చెయ్యి ఆనించి జ్ఞాపకం తెచ్చుకున్నారు. "రెండుండేవండీ. పైపోర్షన్ కదా, ఎండ దంచేస్తుంది. పాపం, పగలు కూడా వేసుకునేవారు."

"అయితే ఈ ఇల్లు నాకు పడదు లెండి."

"అద్దె ఓ ఐదొందలు తగ్గిస్తానండీ."

"అద్దె ఈ జన్మదండీ. నా భయం పోయిన జన్మతో."

మావాడు చేసింది తప్పేమీ కాదు. పెళ్ళి సంబంధానికి గోత్రం, నక్షత్రం కనుక్కోమా? త్వరలో టులెట్ బోర్డుల మీద 'శాకాహారులకు మాత్రమే' పక్కన 'ఈ మీటరు 2022 నుంచి ఏసీ ఎరుగదు' అని రాసుకునే రోజు వస్తుంది. 2024 తర్వాత కొత్తగా పెట్టిన మీటరైతే పూర్వజన్మే లేని శుద్ధాత్మ. అలాంటి పోర్షన్‌కి అద్దె రెండువేలు ఎక్కువ అడిగినా ఇవ్వొచ్చు. ఇక ఆ బ్యాంకాయన కర్మ తప్పించుకుని పోయాడనుకోకండి. ఏ రాజమండ్రిలోనో వేరొకరి గీజరు పాపం అనుభవిస్తూ, ఈ అంకె ఏమిటని లైన్‌మన్‌ని అడుగుతూ ఉంటాడు. హైదరాబాద్ బదిలీ అయి ఉంటే మాత్రం అదృష్టవంతుడు. అది వేరే లోకం, వేరే మండలి, వేరే చిట్టా. చేసుకున్నవారికి చేసుకున్నంత అనే పాత సామెతని ఇక మార్చుకోవాలి. ఎవరు చేసుకున్నా సరే, ఇంట్లో ఉన్నవాడికి ఉన్నంత.

జన్మ అంటే ఎన్నేళ్ళు అని సందేహం రావచ్చు. ఐదేళ్ళు. రాజ్యాంగం ఆ లెక్క ఎప్పుడో తేల్చింది. 2014-19 జన్మలోని పాపాన్ని ఆ తర్వాతి జన్మలో వసూలు చేశారు. 2021లో ఒకసారి మొదలెట్టారు గానీ ముందుగా బహిరంగ ప్రకటన ఇవ్వలేదని మండలి తన ఉత్తర్వు తానే వెనక్కి తీసుకుంది. సంకల్పం చెప్పకుండా చేసిన వ్రతం ఫలించదు కదా. 2022 ఆగస్టులో సశాస్త్రీయంగా మళ్ళీ పీటల మీద కూర్చుని 36 నెలలకు రమారమి 2,900 కోట్లు వడ్డించారు. అప్పుడు తెలుగుదేశం వారు 'బాదుడే బాదుడు' అంటూ ఊరూరా తిరిగారు. ఇప్పుడు 2019-24 జన్మ పాపాన్ని తెలుగుదేశం వారు వసూలు చేస్తున్నారు. 2024 డిసెంబరులో ఆ పాపం తాలూకు వైఎస్సార్ కాంగ్రెస్ వారే కరెంటు ఆఫీసుల ముందు ధర్నా చేశారు. నిజంగా ముచ్చటేసింది. కరెంటు కొన్నవారు నినాదాలిచ్చారు, వసూలు చేసేవారు "గత ప్రభుత్వ పాపాలండీ, ఏం చేస్తాం" అని నిట్టూర్చారు. గత ప్రభుత్వం అనే మాటలో ఎంత తత్వం ఉందో చూడండి. ప్రభుత్వానికి మరణం ఉంది, బాకీకి లేదు. పార్టీలకి ఐదేళ్ళకొకసారి మోక్షం వస్తుంది, మీటరు మాత్రం పునరపి జననం.

చిత్రగుప్తుడి గురించి కూడా ఒక్క మాట. 2022-23కి డిస్కమ్‌లు రాసుకొచ్చిన చిట్టా 8,113 కోట్లు. మండలివారు కళ్ళజోడు సవరించుకుని 6,072 కోట్లకు ఒప్పుకున్నారు. అంటే దాదాపు 2,040 కోట్ల మేర మనం చెయ్యని పాపం కూడా చిట్టాకెక్కిందన్న మాట. కొట్టేశారు, సంతోషం. యమలోకంలో అయితే తప్పుడు పద్దు రాసిన గుమాస్తాని ఎవరైనా నిలదీసేవారేమో. ఇక్కడ గుమాస్తా సలక్షణంగా మరుసటి ఏడాది చిట్టా పట్టుకుని వచ్చాడు.

పరిహారాలు లేకపోలేదు. ఇంటి మీద సౌర పలకలు పెట్టించుకుంటే సూర్యభగవానుడి అనుగ్రహం వల్ల కొంత దోషం పోతుందని చెబుతున్నారు. సొంత కప్పు ఉన్నవారి సంగతి అది. అద్దెకున్నవారికి తపస్సే గతి. ఫ్యాను కట్టేసి, చీకట్లో కూర్చుని చేస్తే ఆగామి తగ్గుతుంది. సంచితం మాత్రం తగ్గదు. 2022లో చీకట్లో కూర్చుని చేసిన తపస్సే లెక్కలోకి రాలేదు కదా!

ఇక్కడ వేదాంతం నాలుక మీద చేదెక్కుతోంది. 2022 ఏప్రిల్ జ్ఞాపకం ఉందా? ఎనిమిదో తారీకు నుంచి పరిశ్రమలకు పవర్ హాలిడే. ఊళ్ళలో రాత్రిళ్ళు కోతలు, ఆస్పత్రుల్లో సెల్‌ఫోన్ల వెలుతురు. బొగ్గు లేదన్నారు. ఎక్స్ఛేంజీలో ధర యూనిట్ 20 రూపాయల దాకా ఎగబాకితే కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 12 దగ్గర గొళ్ళెం పెట్టాల్సి వచ్చింది. ఇబ్బంది నిజమే, దేశమంతా ఉంది. కానీ వేసవి ప్రతి ఏడాదీ వస్తుంది. బొగ్గు నిల్వ ముందే ఎందుకు లేదు, ఏ రోజు ఎంతకు కొన్నారు, అంతకంటే చవగ్గా దొరకలేదా, ఆ కొనుగోలుకి ఊ కొట్టింది ఎవరు? ఆ ఏడాది చీకటిని భరించినవాడికే ఆ ఏడాది బిల్లు మళ్ళీ పంపినప్పుడు ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు కూడా పంపాలా వద్దా?

పైగా "మేం ఛార్జీలు పెంచలేదు" అంటారు. రెండు పార్టీలూ అన్నాయి, తమ తమ వంతుల్లో. 2003 విద్యుత్ చట్టం 62వ సెక్షన్ ఏడాదిలో ఒక్కసారికి మించి ధరలు మార్చవద్దంటుంది, ఇంధన సర్‌చార్జీకి మాత్రం తలుపు తెరిచి ఉంచింది. ఆ తలుపులోంచి 15,485 కోట్లు ఇంట్లోకి వచ్చి కూర్చుంటే, వీధి గుమ్మం చూపించి ఎవరూ రాలేదంటారు! ఇది గత ప్రభుత్వ పాపమే అని మీరు నమ్మితే అదే చట్టంలో 65వ సెక్షన్ ఉంది. జనానికి ఊరట ఇవ్వదలుచుకుంటే ఆ సొమ్ము ఖజానా నుంచి కట్టమంటుంది. ఖజానా కూడా జనం డబ్బే కదా అంటారా? జనం డబ్బే. కాకపోతే ఖజానాలోంచి తీయాలంటే శాసనసభలో లేచి నిలబడి ఎందుకో చెప్పాలి, అవతలివాడు అడిగితే జవాబివ్వాలి. మీటరులోంచి తీయడానికి లేచి నిలబడనక్కర్లేదు. అందుకే మీటరంటే అందరికీ అంత ఇష్టం.

మా సందు చివర పిండిమర ఉంది. గదంత చోటు, ఒక మోటారు, గోడల నిండా పిండి. బిల్లు వచ్చినప్పుడల్లా దాని యజమాని కాగితాన్ని దులిపి, పాత నెలల అంకెల మీద వేలు పెట్టి చూసుకుంటాడు. మూడేళ్ళ కిందట శనగపిండి పట్టించుకుపోయిన ఆవిణ్ణి పిలిచి, "అమ్మా, అప్పుడు మీ పిండి పట్టడానికి ఎక్కువ కరెంటు ఖర్చయిందట, ఇప్పుడు తెలిసింది, ఆ తేడా ఇవ్వండి" అనగలడా? అంటే ఆవిడ చెప్పు తీస్తుంది. తియ్యాలి కూడా. వ్యాపారంలో తన అంచనా తప్పితే ఆ నష్టం తనదే అని ఆయనకి తెలుసు. రాష్ట్రంలో అంచనా తప్పినా నష్టం తనది కానివి డిస్కమ్‌లు, వాటిని నడిపించే ప్రభుత్వాలే. వాళ్ళ తప్పులన్నీ మోస్తున్నది ఈ పిండిమర మోటారు, ఆ సత్యనారాయణపురం పైపోర్షన్. ఇంతచేసి 26 రూపాయలు చేతిలో పెట్టి చప్పట్లు కొట్టమంటున్నారు. సిగ్గు లేదా అని అడగడానికి కూడా మండలివారి బహిరంగ విచారణ దాకా ఆగాలేమో.

ఒక్కటే కోరిక. బిల్లు మీద మా పేరు, మా సర్వీసు నంబరు, మేం ఏ నెలలో ఎంత కాల్చామో అన్నీ అచ్చేస్తున్నారు. 12 రూపాయలకు కొన్న యూనిట్ల కొనుగోలు కాగితం మీద సంతకాలు పెట్టినవారి పేర్లు, హోదాలు కూడా కింద ఒక వరుసలో వెయ్యండి. కాగితం పొడుగవుతుందంటే ఆ ఖర్చు ట్రూఅప్‌లో కలుపుకోండి. అది మాత్రం నోరెత్తకుండా కడతాం.