మాదే గడి మహాప్రభో?

నేను పుట్టిందీ, పెరిగిందీ, కొబ్బరికాయ ధర పడిపోయినప్పుడల్లా ప్రభుత్వాన్ని తిట్టుకునేదీ రాజోలు దగ్గర ఈ అరుగు మీదే. నేను ఎక్కడికీ కదల్లేదు. కదిలిందంతా ప్రభుత్వమే.

మా తాత ఈ అరుగు మీదే గోదావరి జిల్లా వాడుగా పుట్టి, 1925లో తూర్పు గోదావరి వాడయ్యాడు. 1953లో ఆయన్ని మద్రాసు రాష్ట్రంలోంచి తీసి ఆంధ్ర రాష్ట్రంలో పెట్టారు, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి మార్చారు. ఇంత ప్రయాణానికి బండి కట్టింది లేదు, సామాను సర్దింది లేదు. నా వంతు వచ్చేసరికి 2014లో రాష్ట్రం చీలింది, 2022 ఏప్రిల్ 4న కోనసీమ పేరుతో కొత్త జిల్లా వచ్చింది. ఆధార్ కార్డు మాత్రం నన్నింకా తూర్పు గోదావరిలోనే ఉంచింది. పత్రికల వాళ్ళకి నేను 'ఉమ్మడి' తూర్పు గోదావరి వాణ్ణి. అన్నదమ్ములు వేరుపడ్డాక కూడా వాటా తేలని ఎద్దులా ఉంది నా బతుకు.

జిల్లాకి అంబేద్కర్ పేరు చేర్చే గొడవలో ఆ ఏడు మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. దాని మీద హాస్యమాడే నోరు నాకు లేదు. రాజ్యాంగం రాసినాయన పేరు నా అడ్రసులో ఉంటే నాకు పోయేదేమిటో నాకైతే ఈనాటికీ తెలియలేదు.

ఇంట్లోనే ఇన్ని పేర్లు పెడితే బయటివాళ్ళు ఊరుకుంటారా? రావులపాలెం దాటి బెజవాడ వెళితే 'గోదారోళ్ళు'. మనం 'ఆయ్' అనకముందే వాళ్ళే అనేసి నవ్వుతారు. హైదరాబాదులో 'ఆంధ్రోళ్ళు'. చెన్నైలో 'గొల్టీలు'. ఢిల్లీ వాడికేమో మనం 'మద్రాసీలు'. మద్రాసు నుంచి మనం విడిపోయామన్న కబురు ఇన్నేళ్ళయినా అక్కడికి అందినట్టు లేదు. ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటితే యానాం. అక్కడి మా చుట్టాలు నాలాగే తెలుగు మాట్లాడతారు, పులస దొరికితే నాలాగే అప్పు చేసైనా కొంటారు. వాళ్ళు మాత్రం పుదుచ్చేరి వాళ్ళు!

యానాం దాటి ఇంకాస్త పోతే కోరంగి. 1839 తుపానులో కొట్టుకుపోయిన రేవు. బర్మాలో కూలికి పోయిన తెలుగువాళ్ళందరికీ ఈ రేవు పేరే అంటించి 'కోరంగీలు' అన్నారు. శ్రీకాకుళం వాడైనా కోరంగే, విశాఖ వాడైనా కోరంగే. మనిషికి ఓడ ఎక్కిన రేవు పేరు పెట్టడమేమిటండీ? ఆ లెక్కన విమానమెక్కి అమెరికా వెళ్ళిన మా అబ్బాయిని 'శంషాబాద్' అనాలి.

మా వీధి చివరావిడ కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. అక్కడి అరబ్బులు భారతదేశం వాళ్ళందర్నీ 'హిందీ' అంటారు. "హిందీ ముక్క రాదండి నాకు, నన్ను పట్టుకుని హిందీ అంటారేటండి?" అని ఆవిడ ఇప్పటికీ వాపోతుంది. జీతం మాత్రం సరిగానే ఇచ్చారట, అదొక్కటే నయం.

ఇక అమెరికా. మా అబ్బాయి డాలస్‌లో 'ఏషియన్ ఇండియన్'. ఆ గడి కూడా 1980 జనాభా లెక్కల్లోనే వచ్చింది. 1970లో మనవాళ్ళని తెల్లవాళ్ళలో కలిపి లెక్కపెట్టారు. 1920 నుంచి 1940 దాకా మూడు లెక్కల్లోనూ మన జాతి 'హిందూ' అని రాశారు. అప్పుడక్కడ ఉన్న మనవాళ్ళలో ఎక్కువమంది పంజాబు సిక్కులు!

అబ్బాయి పక్కింటాయన కథ వింటే నా బాధ చిన్నదనిపించింది. వాళ్ళ పూర్వులు టెక్సాస్ మెక్సికోలో ఉన్నప్పటి నుంచీ అక్కడివాళ్ళే. 1836లో టెక్సాస్ విడిపోయింది, 1845లో అమెరికాలో కలిసింది, వాళ్ళు మాత్రం మా తాతలాగా అరుగు దిగలేదు. ఆయన తనను మెక్సికన్ అంటాడు, కూతురు లాటినా అంటుంది, ఫారం హిస్పానిక్ అంటుంది. క్యూబా వాడికీ, పోర్టోరికో వాడికీ, పెరూ వాడికీ కలిపి 1980 నుంచి అందర్నీ అడుగుతున్న ప్రశ్న అది. ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్ళు సర్వేల్లో అడిగితే మాత్రం చాలామంది ముందు తాతల దేశం పేరే చెబుతున్నారు. 'లాటిన్ఎక్స్' అనే కొత్త మాటని తమకి వాడుకునేవాళ్ళు 2020లో నూటికి ముగ్గురు తేలారు. పేరు పెట్టేవాడికున్న సరదా మోసేవాడికి ఉండదు మరి.

పరాయివాళ్ళనే అనడమెందుకు? వాళ్ళు పెద్ద గంపలో వేస్తే మనం జల్లెడ పడతాం. అమలాపురం బస్టాండులో పక్కన కూర్చున్న పెద్దాయన మొదట "ఏ ఊరండి?" అంటాడు. తరవాత "ఎవరి తాలూకా?" అంటాడు. ఇంటిపేరు లాగుతాడు. చివరికి గొంతు తగ్గించి "ఇంతకీ మీరేవిట్లు?" అంటాడు. ఆ జవాబు కోసమే మిగతా అరగంట కబుర్లూ. అమెరికా వాడు కొన్ని ఫారాల్లోనైనా 'చెప్పడం ఇష్టం లేదు' అని ఒక గడి పెడతాడు. బస్టాండులో ఆ సదుపాయం లేదు. ఇష్టం లేదంటే ఇంకా గట్టిగా అనుమానిస్తారు.

కాబట్టి గడులు గీసే అధికార్లందరికీ నా మనవి: ఎవరికి వాళ్ళు రాసుకోవడానికి ఒక ఖాళీ గీత వదలండి. లేదూ, కోనసీమకంటూ ప్రత్యేకం గడి ఇస్తామంటారా, సంతోషం. ఆ గడి మీద అమలాపురం పేరు రాస్తే మాత్రం వైనతేయ పాయకి ఇవతల ఉన్న మేం ఒప్పుకోం. కొత్తపేట వాళ్ళు ఆత్రేయపురం పూతరేకులు చూపించి తమదే ముందు రాయాలంటారు. అంచేత మూడు గడులు గీయండి. పక్కపక్కన వద్దు.