టైటానిక్‌ని నేనే, చార్మినార్‌నీ నేనే

మీరు నన్ను చూసే ఉంటారు. అనకాపల్లి నూకాలమ్మ జాతర జరిగే నెల్లాళ్లూ, వేసవి సెలవుల్లో ఏదో ఒక ఊరి మైదానంలో, ఎగ్జిబిషన్ గేటు దగ్గర టికెట్టు చించి ఇచ్చే కుర్రాడి నెత్తిమీద నిలబడి ఉండేది నేనే. కాకపోతే నన్ను చూశామని మీరనుకోరు. చార్మినార్ చూశామంటారు, ఈఫిల్ టవర్ చూశామంటారు, టైటానిక్ ముందు ఫొటో దిగామంటారు. వాటి లోపలి ఇనుమును నేను. యాంగ్లర్లు, చదరపు పైపులు, నట్లు, బోల్టులు. ఎగ్జిబిషన్ వాళ్లు నన్ను ఫ్రేము అంటారు. ఆర్టిస్టులు ఎముకలు అంటారు. రెండో పేరే నాకిష్టం.

వానాకాలం నాకు సెలవు. ఎస్. రాయవరం మండలంలో అడ్డరోడ్డుకి కాస్త ఎడంగా, జీడితోట అంచున ఓ రేకుల షెడ్డు ఉంది. నన్ను ఊడదీసి, ముక్కముక్కకీ తెల్లరంగుతో నంబరు వేసి అక్కడ పడుకోబెడతారు. మా యజమాని ఈ జాగా ఊరికే ఎంచుకోలేదు. విశాఖకి లోడు ఎత్తాలన్నా, తుని, కాకినాడ వైపు పోవాలన్నా హైవే పక్కనే. నర్సీపట్నం రోడ్డు కూడా దగ్గరే. గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టింది ఎస్. రాయవరంలోనే. నాటకం రాసినాయన ఊళ్లో ఏడాదికో వేషం కట్టే నేను కాపురం ఉండటం నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

నన్ను మొదట చేయించింది చార్మినార్ కోసం. అప్పట్లో నా ఒంటిమీద గాడా గుడ్డ బిగించి, దానిమీద రంగు పూసేవారు. చిన్న జల్లు పడితే మినార్లు కిందికి కారేవి. ఎవరూ పట్టించుకునేవారు కాదు, ఎందుకంటే గేటు అంటే అప్పట్లో గేటే. జనం వచ్చేది జెయింట్ వీల్ కోసం, కొలంబస్ కోసం, బావిలో మోటార్ సైకిల్ తిప్పేవాడి కోసం, తరవాత ఢిల్లీ అప్పడం కోసం. హైదరాబాద్ నుమాయిష్ 1938లో మొదలైన దగ్గర్నుంచి మన ఊళ్లలో ఎగ్జిబిషన్ అంటే ఇంతే: కొన్ని దుకాణాలు, కొన్ని యంత్రాలు, బోలెడంత తిండి.

జెయింట్ వీల్‌కి వంశగర్వం ఎక్కువ. పారిస్ వాళ్లు 1889లో ఈఫిల్ టవర్ కట్టి లోకాన్ని నోరెళ్లబెట్టిస్తే, దానికి దీటుగా 1893లో షికాగో ప్రదర్శనలో ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల చక్రాన్ని నిలబెట్టాడు. దానికి 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది. మా చక్రం తన ముత్తాత కథగా దీన్ని ప్రతి ఊళ్లోనూ చెబుతుంది. అబద్ధమేం లేదు. కాకపోతే ఎత్తు మీద ఆడిన పోటీకి ఒక చిక్కుంది. మన దగ్గర వీల్ యాభై అడుగులుంటే పక్క జిల్లావాడు అరవై అడుగులది తెస్తాడు. ఆ తరవాత మనమూ అదే అద్దెకి తెస్తాం. కొన్నాళ్లకి ఏ ఊళ్లో చూసినా అవే యంత్రాలు. నిరుడు ఎక్కినవాడు ఈ ఏడు మళ్లీ ఎందుకు రావాలి?

అక్కడ వచ్చింది నా వంతు. యంత్రం మార్చాలంటే లక్షలు పోయాలి. నా చర్మం మార్చడానికి అంత అక్కర్లేదు. ప్లైవుడ్డు, థర్మాకోల్, ఫైబరు, ఫ్లెక్సు, ఎల్‌ఈడీ పట్టీలు, చేయి తిరిగిన నలుగురు ఆర్టిస్టులు ఉంటే సరి. ‘ఈసారి ఏం పెట్టారట?’ అని ఊళ్లో ఒకరినొకరు అడిగితే చాలు, యజమాని మొహం వెలిగిపోతుంది. ఆ ప్రశ్న పుట్టించడమే నా ఉద్యోగం. ఒక ఏడు మైసూరు ప్యాలెస్‌నయ్యాను, మరో ఏడు లండన్ బ్రిడ్జినయ్యాను. నా వెనకాల అద్దాల సొరంగంలో చేపలొచ్చాయి, తల ఊపి అరిచే డైనోసార్లు వచ్చాయి.

టైటానిక్ వేషం మాత్రం నాకు బాగా గుర్తు. నా ముందు నీలిరంగు గుడ్డతో సముద్రం, పైన నాలుగు పొగగొట్టాలు, వాటిలోంచి యంత్రంతో పొగ. రేవుపోలవరం నుంచి మనవణ్ణి వెంటబెట్టుకుని ఓ మామ్మ వచ్చింది. గంగపుత్రుల ఇంటి మనిషని ఆమె నడకే చెప్పింది. నన్ను ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తేరిపార చూసి, “ఈ ఓడ ఏ రేవులో దిగిందిరా?” అంది.

“దిగనేదు మామ్మా. ములిగిపోయింది. సినిమా కూడా వచ్చింది” అన్నాడు వాడు.

“ములిగిపోయిన ఓడలోకి డబ్బులిచ్చి మరీ ఎక్కడమేటిరా? సోద్యం కాపోతే!” అని ఆమె పక్కనున్న గాజుల దుకాణం వైపు నడిచింది. మనవడు చెయ్యి పట్టి లాక్కొచ్చాడనుకోండి. సముద్రం ఎరిగిన మనిషికి సముద్రాన్ని గుడ్డతో చూపించడం కష్టం. నా ముందు నిలబడి ఎంతమంది ఎన్ని మాటలన్నా, నాకు నిజమైన విమర్శ ఆవిడ దగ్గరే దొరికింది.

ఆ సీజన్‌లోనే వైశాఖం ఈదురుగాలి. ఒట్టి ఇనుముగా ఉంటే గాలి నాలోంచి దూరి పోతుంది. ఫ్లెక్సు కప్పుకున్నాక నేను తెరచాపనే. గాలి మొత్తం నా గుండెమీద పడుతుంది. మేస్త్రీ బ్లేడు పట్టుకుని పైకెక్కి టైటానిక్ పొట్టనిండా కోతలు పెట్టడం మొదలెట్టాడు.

“ఓడకి కన్నాలు పెడతన్నావేటన్నా?” అని కిందనుంచి హెల్పరు కుర్రాడు కంగారుపడ్డాడు.

“గాలికి దారియ్యకపోతే నిజంగానే ములిగిపోద్దిరా. నువ్వా వెనక తాళ్లు బిగించు.”

ఆ రాత్రి నిలబడ్డాను. పొద్దున్నే ఫ్లెక్సు ఒక మూల ఊడి వేలాడుతుంటే, దాని కింద నా పైపుమీద పాత చార్మినార్ తాలూకు పసుపురంగు మచ్చ ఒకటి బయటపడింది. ఎవరూ చూడలేదులెండి.

మా ఆర్టిస్టు కుర్రాళ్లు మధ్యాహ్నం నా అడ్డకమ్మీల మీద కూర్చుని బిర్యానీ తింటూ ఫోన్లో విదేశాల పార్కుల వీడియోలు చూస్తుంటారు. కొత్త డిజైన్లు పట్టుకోవడం వాళ్ల పనే. అలా చూసీ వినీ తెలుసుకున్నదేంటంటే, నా బంధువులు ప్రపంచమంతా ఉన్నారు. 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడు, వాల్ట్ డిస్నీ పార్కు చుట్టూ మట్టిగట్టు పోయించాడు. లోపలున్నవాళ్లకి బయటి రోడ్డు కనబడకూడదు, బయటి ఊరు గుర్తుకు రాకూడదు. అక్కడి కోట ఎత్తు 77 అడుగులే. కానీ పైకి పోయేకొద్దీ రాళ్లు చిన్నవి చేసుకుంటూ పోయారు కాబట్టి కింద నిలబడ్డవాడికి ఇంకా ఎత్తుగా అనిపిస్తుంది. ఈ కిటుకు మా వాళ్లకీ తెలుసు. నా చార్మినార్ పై అంతస్తు కిటికీలు చిన్నవిగా గీసింది అందుకే.

అసలు పోటీ ముదిరింది 2010లో. ఆ ఏడు జూన్ 18న ఆర్లాండోలో యూనివర్సల్ వాళ్లు హ్యారీ పాటర్ ఊరిని తెరిచారు. ఫ్లోరిడా ఎండలో ఇళ్ల కప్పులమీద మంచు. పుస్తకంలో పిల్లలు తాగే బటర్‌బీర్ అక్కడ గ్లాసులో పోసి అమ్ముతారు. మంత్రదండం కొనుక్కోవచ్చు. నన్ను కట్టిపడేసింది మాత్రం క్యూ. రైడ్ ఎక్కడానికి నిలబడ్డ జనాన్ని ఇనప కటకటాల మధ్య ఎండలో నిలబెట్టకుండా కోట లోపలి గదుల్లోంచి నడిపిస్తారు. గోడమీద పటాలు మాట్లాడతాయి. నిరీక్షణని కూడా కథలో కలిపేశారన్నమాట. మా దగ్గర క్యూ అంటే సర్వీ కర్రలు, పురికొస, ‘తొయ్యకండమ్మా’ అనే గొంతు.

జనం అటు పోటెత్తేసరికి డిస్నీ ఊరుకోలేదు. మరుసటి ఏడే అవతార్ సినిమా దర్శకుడు జేమ్స్ కామెరాన్‌తో ఒప్పందం చేసుకుని, 2017 మేలో తన ఫ్లోరిడా పార్కులో గాల్లో తేలే కొండల లోకాన్ని తెరిచింది. 2019లో స్టార్ వార్స్. యూనివర్సల్ మళ్లీ 2025 మే 22న ఎపిక్ యూనివర్స్ అని ఏకంగా కొత్త పార్కే పెట్టింది. ఆ తేలే కొండల వీడియో చూస్తూ మా పెద్దార్టిస్టు ఫోన్ ఆపి తెరమీద వేలు పెట్టాడు. “ఆ తీగలు చూడ్రా. తీగలు కావవి. లోపల ఉక్కుంది.” నాకు ఒళ్లు పులకరించింది. ఎంత పెద్ద లోకాన్నయినా మోసేది మా కులమే.

మన దగ్గర ఈ విద్య లేదనుకుంటే పొరపాటు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు కరెంటు లేని రోజుల్నుంచీ తెరలతో, తాళ్లతో, కప్పీలతో మాయలు చేశారు. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి కోసం జనం రాత్రంతా కూర్చునేవారు. ఇక మన కాలానికి వస్తే, 1996లో హైదరాబాద్ శివార్లలో రామోజీ ఫిల్మ్ సిటీ వెలిసింది. ప్రపంచంలోనే పెద్ద స్టూడియోగా గిన్నిస్‌కెక్కింది. బాహుబలి షూటింగయ్యాక సాబు సిరిల్ వేసిన మాహిష్మతి సెట్టుని పీకెయ్యకుండా జనానికి చూపిస్తున్నారు. అది కూడా నాలాంటి ఎముకల మీద ఫైబరే. కానీ ఆ సింహాసనం ముందు నిలబడ్డవాడికి సినిమా మొత్తం గుర్తుంటుంది. సగం సెట్టు వాడి మనసులో ముందే కట్టి ఉంటుంది కాబట్టి మిగతా సగం కడితే చాలు. హ్యారీ పాటర్ ఊరి రహస్యమూ అదే.

అదే హైదరాబాద్‌కి 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా వచ్చింది. దాని దారి వేరు. అక్కడ రోలర్ కోస్టర్లు, నీళ్ల ఆటలు. కథ తక్కువ, ఒళ్లు ఝల్లుమనడం ఎక్కువ. అదీ జనంతో కిటకిటలాడుతుంది. కాబట్టి వేషమే గెలుస్తుందని నేను బల్లగుద్ది చెప్పను. కడుపులో తిప్పేదానికీ గిరాకీ ఉంది.

వేషం అక్కర్లేనివాళ్లూ ఉన్నారు. విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి సంగతి చూడండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఇసుకమీద మ్యూజియంగా నిలబడింది. లోపల ఇరుకు దారి, తల వంచుకుని దాటాల్సిన గుండ్రటి ద్వారాలు, టార్పెడోలు, నావికులు పడుకున్న అరల్లాంటి పడకలు. ఆ దారి పొడుగునా ప్లైవుడ్డు ముక్క కోసం వెతకనక్కర్లేదు. రేవుపోలవరం మామ్మ అందులోకి వెళితే గాజుల దుకాణం వైపు తిరిగేది కాదని నా నమ్మకం.

ఇక నా ఫిర్యాదు. నాకు వీపు లేదు. అంటే ఉంది, కానీ దానికెవరూ రంగు వేయరు. టికెట్టు తీసుకుని, టైటానిక్ నోట్లోంచి లోపలికి అడుగుపెట్టగానే వెనక్కి తిరిగి చూస్తే కనబడేది తుప్పు, వైర్లు, చిరిగిన గోనె, పాత నంబర్లు. ఎదురుగా బజ్జీల బండి. లండన్, పారిస్, సముద్రం అన్నీ రెండు గజాల్లో అయిపోతాయి. కారణం యజమాని పిసినారితనం ఒక్కటే కాదు. మైదానం అద్దె రోజుకింతని కడతాం కనక, నన్ను నిలబెట్టడానికి పట్టే ప్రతి రోజూ నష్టమే. ముందు వైపు పూర్తయ్యేసరికి ప్రారంభం తేదీ వచ్చేస్తుంది, బడ్జెట్టూ అయిపోతుంది. అది నిజమే. కానీ జనం రెండోసారి రావడం మానేసేది అక్కడే.

పైగా మనకి ఎప్పుడూ ఎవరివో లోకాలే కావాలా? మా షెడ్డు పక్క మండలంలోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ, లక్కకి చెట్ల రంగులు కలిపి బొమ్మలు చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ఏటికొప్పాక బొమ్మలే. న్యాయనిర్ణేతలు మూడో బహుమతి ఇచ్చారు. శకటం కూడా ఇనప ఎముకల మీద కట్టిన వేషమే కదా. ఆ వార్త విన్నరోజు నేను షెడ్డులో పడి ఉన్నాను. చేపల సొరంగం తాలూకు అద్దాలు నా పక్కనే ఉన్నాయి. ఏటికొప్పాక బొమ్మ మనిషంత ఎత్తయి ఎద్దుబండి మీద కూర్చుంటే, దాని చక్రాల కిందనుంచి జనం లోపలికి నడిస్తే, లోపల తరిణె తిరిగే చప్పుడు, లక్క వాసన ఉంటే ఎలా ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ఆ లోకం సగం ఈ జిల్లా జనం మనసుల్లో ముందే కట్టి ఉంది.

మొన్న యజమాని ఆర్టిస్టులతో కలిసి షెడ్డుకొచ్చాడు. టేపు పెట్టి నన్ను కొలిచారు. ఈసారి అంతరిక్షనౌక అని ఒకరు, కాదు మాహిష్మతి కోట అని ఒకరు వాదించుకున్నారు. ఏదీ తేలలేదు. నా అభిప్రాయం ఎలాగూ ఎవరూ అడగరు కాబట్టి మిమ్మల్నే ఒకటి అడుగుతాను. కొత్తమావాస్య జాతరకి అనకాపల్లి వస్తే, నా ముందు ఫొటో దిగండి, కాదనను. కానీ గేటు దాటాక ఒక్కసారి ఆగి, వెనక్కి తిరిగి నా వీపు చూడండి. అక్కడ కూడా రంగుంటే మీ చుట్టాలకి చెప్పండి. లేకపోతే కౌంటర్లో కూర్చున్నాయనకి మొహమాటం లేకుండా చెప్పండి. మీరు టికెట్టు కొన్నవాళ్లు, మీ మాటే ఆయన వింటాడు.