పక్కన కూర్చోబెట్టుకునే పెద్ద ఏడీ?

అమీర్‌పేట మైత్రీవనం ముందు కాసేపు నిలబడండి. చేతిలో కరపత్రాలు వచ్చి పడతాయి. జావా, పైథాన్, డెవాప్స్. అన్నీ ఒకళ్ల దగ్గర ఉద్యోగం చేయడానికి నేర్పే చదువులే. సొంతంగా పని పెట్టుకోవడం ఎలాగో చెప్పే కాగితం ఒక్కటీ కనపడదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మా రోజుల్లో అమీర్‌పేటంటే సనత్‌నగర్, బాలానగర్ ఫ్యాక్టరీల వాళ్లు కాపురాలుండే చోటు. సాయంత్రం టీ కొట్టు దగ్గర మాటలన్నీ లేతు మిషన్ల గురించీ, రాని బాకీల గురించీ. కళ్లం అంజిరెడ్డి గారు బాలానగర్‌లోని సర్కారు మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్‌లో పనిచేసి, ఆ తర్వాత యూనిలాయిడ్స్, స్టాండర్డ్ ఆర్గానిక్స్ నడిపి, అప్పుడు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ కంపెనీ ఆఫీసు ఏళ్ల తరబడి అమీర్‌పేటలోనే ఉండేది. ఆయన పని నేర్చుకున్నది ఫ్యాక్టరీలో.

సొంత పని గురించి నేర్పే చోటూ ఒకటి పక్కనే ఉండేది, యూసుఫ్‌గూడలో సియెట్. చిన్న పరిశ్రమల వాళ్లకు శిక్షణ ఇచ్చే సర్కారు సంస్థ, 1962లో ఢిల్లీ నుంచి మన హైదరాబాద్‌కు వచ్చింది. ఇప్పుడు దాని పేరు ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ. 1964లో హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలాండ్ ఆలోచన మీద కాకినాడ వ్యాపారులను అక్కడికి పిలిపించి తరగతులు పెట్టారు. వాళ్లేమీ కుర్రాళ్లు కారు, అప్పటికే దుకాణాలూ మిల్లులూ నడుపుతున్న సంసారులు. బొమ్మ చూపించి కథ రాయమన్నారు, రాబోయే రోజుల్లో ఏం చేస్తారో కాగితం మీద పెట్టమన్నారు. తిరిగి వెళ్లాక వాళ్లు శిక్షణ లేనివాళ్లకంటే ఎక్కువ పెట్టుబడి పెట్టారనీ, ఎక్కువమందికి పని ఇచ్చారనీ ఆ ప్రొఫెసరే 1969లో పుస్తకం వేశాడు. ప్రపంచమంతా చదివిన ఆ పుస్తకం గురించి ఈ కోర్సుల కోసం అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న కుర్రాడికి చెప్పినవాళ్లు లేరు.

ఇప్పుడు సదుపాయాలు లేవని నేననను. 2015లో కొత్త కంపెనీలు పెట్టేవాళ్లకు చేయూతగా టీ-హబ్ వచ్చింది, 2022లో దానికి రాయదుర్గంలో పెద్ద భవనం వచ్చింది. 2019 నుంచి అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే నేరుగా రాయదుర్గంలో దిగొచ్చు. కానీ ఈ హాస్టళ్ల పిల్లల్లో ఎంతమంది ఆ గడప తొక్కుతున్నారు? తొక్కినవాళ్లకైనా దొరికేది ఎక్కువగా పోటీలు, ఉపన్యాసాలు, ఫొటోలు. మా మనవడు ఒక పోటీకి వెళ్లొచ్చాడు.  అయిదు నిమిషాలు మాట్లాడించి, మెమెంటో చేతిలో పెట్టి పంపించారు. నీ సరుకు కొనేదెవరురా, బాకీ ఎగ్గొడితే ఏం చేస్తావురా అని అడిగిన పెద్దమనిషి ఒక్కడూ లేడట.

పని చేయిస్తూ నేర్పే విషయంలో యూరప్ వాళ్ల పద్ధతి నాకు నచ్చింది. 1967లో పారిస్‌లోని ఎసెక్ బిజినెస్ కాలేజీ విద్యార్థులు కాలేజీలోనే ఒక సంస్థ పెట్టి, నిజమైన కంపెనీలకు డబ్బు తీసుకుని పనులు చేసిపెట్టారు. అలాంటి విద్యార్థి సంస్థలు యూరప్ అంతటా పుట్టి, ఒకదానితో ఒకటి కలిసి నడుస్తున్నాయి. 2009 నుంచి యూరోపియన్ యూనియన్ ఇంకో పని చేస్తోంది. కొత్తగా కంపెనీ పెట్టేవాణ్ని వేరే దేశంలో అనుభవమున్న యజమాని దగ్గరికి పంపుతుంది. నెల నుంచి ఆరు నెలల దాకా అక్కడే ఉండి, ఆయన పక్కన పనిచేయాలి. ఖర్చులకు నెలనెలా డబ్బిస్తారు. మన ఫ్యాక్టరీ షెడ్లలో మేం పని నేర్చుకున్న తీరూ ఇదే! కాకపోతే వాళ్లు పద్ధతిగా, డబ్బిచ్చి చేస్తున్నారు.

మనకు యజమానులు కరువా? బాలానగర్‌లో ముప్పై ఏళ్లు యూనిట్ నడిపి, పిల్లలు అమెరికా వెళ్లిపోతే పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో పేపరు చదువుకుంటూ కూర్చున్న పెద్దలు నాకే ఎంతోమంది తెలుసు. జీడిమెట్లలో ఇంకా షెడ్డు తెరుస్తున్నవాళ్లూ ఉన్నారు. ఎస్సార్ నగర్ హాస్టల్ కుర్రాణ్ని మూడు నెలలు వాళ్ల పక్కన కూర్చోబెట్టమనండి. కొటేషన్ రాయడం, బ్యాంకు మేనేజరుతో మాట్లాడటం, జీతాల రోజున డబ్బు సర్దడం చూస్తాడు. ఆ మూడు నెలల హాస్టల్ అద్దె, మెస్సు బిల్లు సర్కారు కట్టాలి. ఆ ఖర్చు ఒక్క స్టార్టప్ సదస్సు పందిరి ఖర్చులో తేలిపోతుంది.