సూపర్ వీసా డిటెక్టివ్

బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో ఏ తెలుగువాళ్ళింటికైనా జనవరిలో భోజనానికి వెళ్ళండి. సోఫాలో ఓ చివర, స్వెట్టరు మీద శాలువా కప్పుకుని, ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం పెట్టుకుని ఒక పిన్నిగారు కూర్చుని ఉంటుంది. "బాగున్నారా?" అంటే చెయ్యెత్తి ఆపుతుంది.

"ఉండు నాయనా, శవం దొరికింది."

పిన్నిగారు సూపర్ వీసా మీద, అంటే పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకిచ్చే వీసా మీద, వచ్చిన మనిషి. 2011 చివర్లో కెనడా ఈ వీసా పెట్టినప్పుడు వచ్చినవాళ్ళని ఒక విడత రెండేళ్ళు ఉండనిచ్చేవారు. 2022 జులై నుంచి దాన్ని అయిదేళ్ళు చేశారు. మనవడు డేకేర్‌కీ, కొడుకూ కోడలూ ఆఫీసులకీ పోయాక ఇంట్లో మిగిలేది ఆవిడా, హీటరు చప్పుడూ. డిసెంబర్లో అయితే అయిదు కాకుండానే చీకటి. మొదట్లో మన సీరియళ్ళే చూసింది. వాటిలో విషం కలిపిన పాలగ్లాసు వంటింట్లోంచి మంచం దాకా రావడానికి వారం పడుతుంది. దారిలో అందరి మొహాలూ మూడేసిసార్లు చూపించాలి కదా! ఇలా ఉండగా, 2018లో కెనడాలోకి దిగిన, బ్రిటిష్ సీరియళ్ళు చూపించే బ్రిట్‌బాక్స్‌కి కొడుకు తనకోసం చందా కట్టుకున్నాడు. రిమోటు మళ్ళీ అతని చేతికి రాలేదు. గంటన్నరలో చావు, విచారణ, అరెస్టు. ఇంకేం కావాలి?

పిన్నిగారేమీ ఈ విద్యకి కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలల్ని లెక్కల పుస్తకంలో దాచుకుని చదివిన తరం. ఇంగ్లండు పోలీసులు తికమక పడుతుంటే జాలిపడి, "డిటెక్టివ్ యుగంధర్ అయితే ఈపాటికి అసిస్టెంటు రాజుని కారు తియ్యమనేవాడు" అంటుంది.

ఆవిడ పరిశోధనకి భాషతో నిమిత్తం లేదు. 'వేరా'లో నార్తంబర్లాండ్ యాస టొరంటోలో పుట్టిన పెద్ద మనవరాలికే సగం అందదు. "అందరికీ టీ ఇచ్చింది, తను మాత్రం ముట్టలేదు చూశావా? దీని పనే!" అని పిన్నిగారు తేల్చేస్తుంది. పెళ్ళిచూపుల్లోనూ తద్దినాల్లోనూ ఆస్తి పంపకాల్లోనూ మొహాలు చదివీ చదివీ పండిన కన్ను అది. ఆవిడ చెప్పినట్టు జరక్కపోతే తప్పు దర్శకుడిది.

1997లో మొదలై ఇంకా నడుస్తున్న 'మిడ్‌సమర్ మర్డర్స్'లో మొదటి డిటెక్టివ్ బార్నబీ, అంటే జాన్ నెటిల్స్ వేసినాయనంటే ఆవిడకి మహా గౌరవం. ఆయన భార్య జాయిస్ వంట నోట పెట్టలేమని కథలోనే ప్రతీతి. "ఆ వంట తప్పించుకోడానికే పాపం, ఫోను మోగగానే శవం దగ్గరికి పరుగెత్తుతాడు." ఒక ఎపిసోడ్‌లో ఒకావిడని బండిచక్రంలాంటి చీజుగడ్డతో చంపారు. ఆ వారం కోడలు కాస్ట్‌కో నుంచి తెచ్చిన చీజుని పిన్నిగారు ఫ్రిజ్ కింది అరలోకి దించేసింది. ఎత్తులో ఉండకూడదట.

'బ్రాడ్‌చర్చ్' చూసినప్పుడు మాత్రం ఒళ్ళో చిక్కుడుకాయలు ఒళ్ళోనే ఉండిపోయాయి. పదకొండేళ్ళ పిల్లాడి చావు మరి. హంతకుడెవరో నేను చెప్పను గానీ, అది తేలిన రాత్రి ఆవిడ ఇంట్లో మగవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ పరీక్షగా చూసిందట. మార్పు కోసమని కొడుకు ఒకసారి ఈ దేశంవాళ్ళే తీసిన 'కార్డినల్' పెట్టాడు. "కిటికీలో కనిపిస్తున్న మంచు చాలదట్రా, టీవీలో కూడానా?" అంది.

నన్నడిగితే పిన్నిగారికి శవంతో అంత పని లేదు. హత్యంటూ జరిగితే గాని ఆ ఇంగ్లీషు పల్లెల్లో తలుపులు తెరుచుకోవు. ఎవరి పొలం ఎవరికి రాశారు, ఫాదరీగారికీ పోస్టాఫీసావిడకీ ఎందుకు మాటల్లేవు, పెద్దింటి కోడలు రాత్రిళ్ళు ఎక్కడికి వెళుతోంది... బార్నబీ ఇల్లిల్లూ తిరిగి అడుగుతాడు, జనం కూర్చోబెట్టి మరీ చెబుతారు. ఈ వీధిలో ఆవిడకి కనిపించేదల్లా గరాజ్ తలుపు లేవడం, కారు లోపలికి పోవడం, తలుపు దిగడం. మనిషి ఎలా ఉంటాడో తెలియదు.

అలాంటి వీధిలో ఎదురింటి ముందు మూడురోజులుగా మంచు ఎత్తకపోతే ఆవిడ కంటపడదా? గుమ్మంలో ప్రకటన కాగితాలు పేరుకుపోయాయి. కర్టెన్లు కదలడం లేదు. "అమ్మాయ్, పోలీసులకి ఫోన్ చేద్దామా?" అంది. కోడలు తల పట్టుకుని, పక్కింటి పంజాబీ ఆవిణ్ణి వాకబు చేసొచ్చింది. ఏం లేదు, ఎదురింటి ముసలి దంపతులు ఫ్లోరిడా వెళ్ళారట. రిటైరైనవాళ్ళు చలికాలమంతా అక్కడ గడిపి రావడం ఇక్కడ మామూలే. ఏప్రిల్లో వచ్చేస్తారు.

పిన్నిగారు అంతా విని, టీవీ ఆపి అడిగింది: "వెళ్ళింది ఇద్దరేనా? పక్కింటావిడ కళ్ళారా చూసిందా?"