డబ్బా మీద ఆకు

ఈమధ్య బజార్లో ఆకు బొమ్మ లేని నూనె డబ్బా కనబడితే దండం పెట్టాలనిపిస్తోంది. ఇంజనాయిలుకు ఒక ఆకు, గేరాయిలుకు ఒక ఆకు, సైకిల్ చైనుకు కొట్టే స్ప్రే సీసాకు ఏకంగా రెండాకులు. పక్కనే ఓ నీటిబొట్టు. 'ప్రకృతి నుంచి పుట్టింది' అని కింద ఒక ముక్క. అబద్ధమని ఎవరనగలరు? ముడిచమురు పుట్టిందీ ప్రకృతిలోంచే. కాకపోతే కాస్త ముందు పుట్టింది.

గింజల నూనెతో యంత్రం నడపడం నిన్న రాత్రి కలలో తట్టినట్టు మాట్లాడతారు ఈ ఆకుల కంపెనీలవాళ్లు. ఆముదంలో గడ్డి మసి కలిపి ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టినవాళ్లు పేటెంటూ అడగలేదు, ఆకు బొమ్మా వేయించుకోలేదు. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ కార్లకీ విమానాలకీ ఆముదం కలిపిన నూనె తెచ్చి, ఆముదం ఇంగ్లీషు పేరు మీదే దానికి క్యాస్ట్రాల్ అని నామకరణం చేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలు ఆముదం పోసుకునే ఎగిరాయి. పెట్రోలుతో అంత తేలిగ్గా కలవదు కాబట్టి అదే పనికొచ్చింది. ఆ ఇంజన్లకి వాడిన నూనెను మళ్లీ వాడుకునే అలవాటు లేదు. పొగతోపాటు బయటికి చిమ్మేసేవి. ఎదురుగాలికి అది వెళ్లి పడేది పైలటు ముఖాన. శత్రువు గుండు తప్పినా కడుపులోకి పోయిన ఆముదం ఊరుకోదు కదా!

మరి అంత గొప్ప నూనెను పక్కనపెట్టి జనం పెట్రోలియం వెంట ఎందుకు పడ్డారు? కుట్టు మిషనుకి వంటనూనె వేసిన ఇంట్లో అడగండి. మొదటి వారం చక్రం వెన్నలా తిరుగుతుంది. కొన్ని నెలలు మూలన పెట్టి మళ్లీ తీస్తే నూనె ఉండదు, దాని స్థానంలో పసుపచ్చటి జిగురుంటుంది. సూది పైకీ రాదు, కిందికీ పోదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడటం చాలా గింజల నూనెల స్వభావం. వేడి తగిలితే ఆ పని మరీ తొందరగా అవుతుంది. జారుడు గుణంలో వీటికి వంక పెట్టలేం. వేడికి మరీ పల్చబడవు, లోహాన్ని అంటిపెట్టుకుంటాయి. నిలవ ఉండటమే వీటి చేతకాదు.

ఇప్పుడు డబ్బా తిప్పి వెనకవైపు చదవండి. మొదటి వాక్యం: మట్టిలో పడితే ఇట్టే కలిసిపోతుంది. రెండో వాక్యం: ఇంజన్లో వేల కిలోమీటర్లు చెక్కుచెదరదు. సూక్ష్మజీవి ముందు లొంగిపోయి, వేడెక్కిన పిస్టన్ ముందు మాత్రం రొమ్ము విరుచుకు నిలబడే నూనె అన్నమాట! అలా నిలబెట్టడానికే కెమిస్టు నూనె అణువును విరిచి వేరే ఎస్టరుగా మారుస్తాడు, ఆక్సీకరణను ఆపే మందులు కలుపుతాడు, అరుగుదలకి జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనాలు వేస్తాడు. అది తప్పని నేననను, యంత్రం బతకాలి. ఇంత వైద్యం జరిగాక కూడా ఆకు మాత్రం వాడిపోకుండా ఉండటమే వింత.

'బయో' అన్న మాటకీ ఒక కొలత ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కలో ట్రాక్టర్లలాంటి యంత్రాల హైడ్రాలిక్ నూనెకి నూటికి 44 వంతులు జీవపదార్థం నుంచి వస్తే చాలు. మిగతా 56 వంతుల సంగతి ఆకు చెప్పదు. మట్టిలో కలిసిపోతుందన్న పరీక్ష ఇంకో ముచ్చట. 28 రోజుల్లో 60 శాతం విచ్ఛిన్నమైతే పాసు. ఆ పరీక్షకు కూర్చునేది సీలు విప్పిన కొత్త నూనె. మసి, లోహపు రజను కలిసి నల్లబడి మెకానిక్ షెడ్డులోంచి బయటికొచ్చే నూనె ఏ పరీక్షా రాయదు.

వంటనూనె లాంటిదే కదా, కాలవలో పోస్తే ఏమవుతుందనే అమాయకులూ ఉన్నారు. ఆ మాట అమెరికాలో వంటనూనెల వ్యాపారులే అన్నారు, తమ నూనెలకి నిబంధనలు సడలించమన్నారు. 1997లో అక్కడి పర్యావరణ సంస్థ కుదరదంది. పక్షి ఈకలకు అంటుకునే విషయంలో, నీళ్లలో ఆక్సిజన్ తినేసి చేపల్ని చంపే విషయంలో సోయా నూనె పెట్రోలియానికి చిన్న తమ్ముడేమీ కాదు.

గింజల నూనె అక్కర్లేదని కాదు నా గోల. నూనె వాడగానే నేల మీదో నీళ్లలోనో పడిపోయే చోట దాన్ని మించింది లేదు. చెట్లు కోసే రంపం గొలుసుకి వేసిన నూనె మొత్తం అడవిలోనే రాలుతుంది. ఆస్ట్రియా 1992 నుంచే ఆ రంపాలకి పెట్రోలియం నూనెను మాన్పించింది. మన దగ్గర? ఇల్లు కట్టే చోట సెంట్రింగ్ పలకలకి పూసేది కాలిన ఇంజనాయిలు. వాన పడితే అది నేరుగా మట్టిలోకి. చెరకు రసం మిషను దగ్గర ఒకసారి వంగి చూడండి, రసం కారే రోలర్ల పక్కనే పళ్లచక్రాలకి నల్ల గ్రీజు. ఆకు బొమ్మ అవసరమైన ఆ చోట్లకి ఏ ఆకూ రాదు. మహబూబ్‌నగర్, నల్లగొండ చల్కా నేలల్లో ఆముదం వేసే రైతు దగ్గరకీ రాదు. కారు షోరూము అద్దాల వెనకే చిగురిస్తుంది.

పర్యావరణానికి హాని తక్కువ చేసే సరుకులకి మన ప్రభుత్వం 1991లోనే ఎకోమార్క్ అనే ముద్ర పెట్టింది. గుర్తు మట్టికుండ, జాబితాలో కందెన నూనెలు కూడా ఉన్నాయి. ఆ కుండ దక్కాలంటే పరీక్షకి నిలబడాలి. ఆకయితే ప్రింటింగ్ ప్రెస్సులోనే దొరుకుతుంది. అందుకే కుండను పట్టుకున్నవాళ్లు అతి తక్కువ. 2024 సెప్టెంబరులో ఎకోమార్క్‌కి కొత్త నిబంధనలు వచ్చాయి. అక్టోబరులో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, 'పర్యావరణ హితం' అని రాసుకునేవాళ్లు అందుకు ఆధారం చూపాలని మార్గదర్శకాలిచ్చింది. కాబట్టి ఈసారి డబ్బా కొనేటప్పుడు ఆకు ఎక్కడిదని అడగండి. నీళ్లు నమిలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.