పట్టా

పట్టా అంటే ముందుగా భూమి హక్కు కాగితం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో మనిషికి నిద్ర పట్టనివ్వని అర్థం ఇదే. 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీలో తాత పేరుంటుంది, దున్నేది మనవడు, నడుమ ఎవరో రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా ఒకటి. 2020లో భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పోర్టల్ మారినప్పుడల్లా పట్టాదారు మళ్లీ దరఖాస్తుదారు అవుతాడు. ప్రభుత్వం పేదలకిచ్చే అసైన్డ్ పట్టా మరో రకం. 1977 చట్టం ఆ భూమి అమ్మకూడదంటుంది. అయినా కొన్నవాడికి భూమి దక్కదు, అమ్మినవాడితో జీవితకాల చుట్టరికం దక్కుతుంది.

ఆ భూమిలో పండిన వడ్లకూ పట్టా కావాలి. ఇది టార్పాలిన్. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలైతే దీని విలువ తెలుస్తుంది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. ఎండకు వడ్ల కింద పరిచిన పట్టాయే మబ్బు పట్టగానే వడ్ల మీదికి ఎక్కుతుంది. అంచుల మీద రాళ్లు పెడతారు. వాన వెలిశాక నడుమ పల్లంలో నిలిచిన నీళ్లను చెంబుతో తోడుతుంటే చిల్లు ఎక్కడుందో బయటపడుతుంది. భూమి పట్టా బీరువాలో భద్రంగా ఉంటుంది, వానకు అక్కరకొచ్చేది మాత్రం కిరాయికి తెచ్చినది.

మిల్లులో మోటారుకూ మరకూ నడుమ తిరిగే బెల్టు కూడా పట్టాయే.

విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టాకు సర్వే నంబరు ఉండదు. నల్లగొండలో 2007లో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఈ చుట్టుపక్కల కాలేజీల పిల్లలకు ఇచ్చేది ఈ రకమే. ఇది చేతికొచ్చి మూడేళ్లయితే శాసనమండలి పట్టభద్రుల స్థానంలో ఓటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పెళ్లి సంబంధం దగ్గర మాత్రం చిక్కు. "పట్టా ఉందా?" అని అడిగితే పిల్లవాడు బీటెక్ అంటాడు. పెద్దమనిషి అడిగింది ఎకరాల గురించి.

రైలువి ఎప్పుడూ బహువచనమే: పట్టాలు. బీబీనగర్–నడికుడి మార్గం పుణ్యమా అని మిర్యాలగూడకు స్టేషన్ ఉంది. సూర్యాపేట, కోదాడ పట్టణాలకు రైలే లేదు. కోదాడకు దగ్గరి మేళ్లచెరువు దాకా పట్టాలు వచ్చాయి గానీ, వాటి మీద తిరిగేది ముఖ్యంగా సిమెంటు. సిమెంటు రైల్లో వెళ్తుంది, మనుషులు 65వ నంబరు జాతీయ రహదారి మీద బస్సు కోసం నిలబడతారు. సూర్యాపేటవాసి రైలెక్కాలంటే నల్లగొండకో ఖమ్మానికో పోవాలి. పత్రికల్లో మాత్రం సూర్యాపేట పథకాలన్నీ ఊళ్లోనే పట్టాలెక్కుతాయి, కొన్ని అక్కడే పట్టాలు తప్పుతాయి.